మంచం కింది కార్బురేటర్

నెరేయిదా మొగుడి శవపేటిక ఇంకా హాల్లోనే ఉంది. పక్కింటి ఉబాల్డో ఆమె చెవి దగ్గర గొణిగాడు.

"అక్కా, బావ మంచం కింద కారు పార్టులు అన్ని పోగేశాడుగా. ఆ కార్బురేటర్ నాకివ్వవూ? సాంతా క్లారా ఊరంతా గాలించాను, మన రష్యా బండ్లకి ఒక్కటీ దొరకడంలేదు."

"సిగ్గులేదట్రా? మనిషింకా గడప దాటలేదు!"

ఉబాల్డో తలొంచుకుని, కాఫీ వంకతో లోపలికెళ్ళాడు. మరుక్షణం అతని పెళ్ళాం వచ్చి నెరేయిదాని వాటేసుకుని బావురుమంది.

"వదలవే, ఊపిరాడ్డంలేదు."

"ఇంకాసేపు ఏడవనీ వదినా."

ఆ పట్టు నెరేయిదాకి తెలుసు. ఉబాల్డో తండ్రి పోయిన రోజు, వాళ్ళ షెడ్డులోంచి తన మొగుడు ఆ కార్బురేటర్‌తో బయటపడేదాకా, ఉబాల్డో తల్లిని తనూ ఇలాగే పట్టుకుని ఏడ్చింది.