నవ్వు మొహం ఉండాలన్నాడు

"సిగ్గులేదూ మామయ్యా నీకు?" రోవీనా చేతిలోని చీపురు విసిరికొట్టింది. చెక్కపేళ్ళు కొట్టమంతా ఎగిరాయి.

మేనమామ కెల్విన్ తలెత్తలేదు. దేవదారు దుంగ మీద బాడిసెతో దెబ్బ మీద దెబ్బ వేస్తూనే ఉన్నాడు.

"అమ్మమ్మ బుట్టలకి నార ఒలిచిన చెట్టిది. ఇదిగో, ఆ మచ్చ ఇంకా అలాగే ఉంది. కార్లు నిలపడానికి చోటు కావాలని, మనకి మాటమాత్రం చెప్పకుండా నరికించాడా పార్కు మేనేజరు! ఇంతవరకూ 'తప్పయింది' అన్నాడా? అలాంటివాడి పార్కుకి స్వాగతం చెప్పే బొమ్మ చెక్కిపెడతావా?"

"అడిగాడుగా. నవ్వు మొహం ఉండాలన్నాడు."

"అడిగితే?" ఒళ్ళు మండిపోయింది రోవీనాకి. "మన వంశం పరువు మంటగలిపావు!"

"ఊరికే చెక్కుతున్నానా? కాగితం రాయించుకున్నాను. మనం సరేనంటే తప్ప నూరేళ్ళ దాకా ఈ కొయ్యని ఎవరూ కదపకూడదు. కంచె వేయించి కాపలా పెట్టిస్తానని సంతకం చేశాడు."

"ఏడ్చినట్టే ఉంది!"

ఆ తర్వాత మూడు నెలలు ఆమె మామయ్య మొహం చూడలేదు. ఆవిష్కరణకి కూడా వాళ్ళమ్మ పోరు పడలేక వెళ్ళింది. చుట్టుపక్కల ఉన్న వాళ్ళ ట్లింగిట్ తెగ ఊళ్ళ పడవలన్నీ పార్కు ఒడ్డుకి చేరాయి. మేనేజరు కొత్త కోటు వేసుకొచ్చి గుడ్డ లాగాడు.

చేతులు చాచిన నిలువెత్తు బొమ్మ. బట్టతల, కళ్ళజోడు, గడ్డం కింద ఇంకో గడ్డం.

"అరే, ఇది నేనే!" మేనేజరు మురిసిపోయాడు. బొమ్మని కౌగిలించుకుని ఫొటోలు తీయించుకున్నాడు.

రోవీనాకి రక్తం ఉడికిపోయింది. చెట్టుని చంపినవాడి మొహం ఆ చెట్టు మీదేనా! అందరిముందూ మామయ్యని కడిగిపారేద్దామని జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. దారిలో ఓ ముసలామె నోటికి కొంగులా శాలువా అడ్డం పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. పక్కనున్న పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. వీళ్ళకేమైంది?

ఈసారి బొమ్మని సరిగ్గా చూసింది. చెవులూ, ముక్కూ ఎర్రగా ఉన్నాయి.

"మామయ్యా... ఆ ఎర్రరంగు..."

"ఊఁ. తప్పు చేసి ఒప్పుకోనివాణ్ణి నలుగురిలో నిలబెట్టే కొయ్యకే కదే ఆ రంగు వేస్తాం." కెల్విన్ నవ్వుతూ మేనేజరుకేసి చెయ్యి ఊపాడు. "తప్పయిందని అంటే రేపే దించేద్దాం. అనకపోతే నూరేళ్ళూ వాడి మనుషులే కాపలా."