రెక్కలొచ్చేదాకా

"ఫ్యానెయ్యకపోతే నేను అన్నం తినను," అని వీరాయమ్మ కంచం పక్కకి జరిపింది.

"పిట్ట బయట ఉందమ్మా. పంజరంలో పెట్టేదాకా ఆగు," అన్నాడు ఆమె కొడుకు ప్రసాద్.

"ఎగరలేని పిట్టకి ఫ్యానేం అడ్డంరా? కోడిపిల్లలా నేలమీద దేకుతోంది. దానికోసం నేను ఉడికి చావాలా?"

కోడలు సత్యదుర్గ విసనకర్ర తెచ్చి అత్తగారి పక్కన పెట్టింది. అదీ తప్పే అయింది.

"పైన మేడ లేస్తున్న ఇంట్లో విసనకర్రా! చూసినవాళ్లు నవ్వుతారు."

ఎనిమిదేళ్ల సౌజన్య ఇవేమీ వినడం లేదు. బల్ల కింద బోర్లా పడుకుని, అరచేతిలో కొర్రలు పోసుకుని, "రా బఠాణీ, రా," అని పిలుస్తోంది.

ప్రసాద్ కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరు. సెలవు మీద మామిడికుదురు వచ్చిన వారానికే కూతురికి అమలాపురంలో చిన్న చిలకలా ఉండే ఈ పచ్చ బడ్జీ పిట్టని కొనిచ్చాడు. ఎగిరిపోకుండా కొట్టువాడు అక్కడికక్కడే రెక్కలు కోసి ఇచ్చాడు. కుడి రెక్క మొదలంటా, ఎడమది సగానికి. ఆ సాయంత్రమే అది బీరువా మీంచి ఎగరబోయి రాయిలా పడింది. ఛాతీ చిట్లింది.

పశువుల డాక్టరు సోమేశ్వరరావుగారు కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఇలాగాండీ కోసేది? కోస్తే రెండు వైపులా సమానంగా కొయ్యాలి. లేత ఈకలో రక్తం ఉంటుంది, ముట్టుకోకూడదు. ముదిరాక, ఇదిగో, ఇక్కడిదాకానే," అని ప్రసాద్‌కి వేలితో చూపించారు. "కోసిన ఈకల మోళ్లు పీకకండి. వాటంతటవే రాలి కొత్తవి వస్తాయి. నెలలు పట్టుద్దండి. అందాకా పడకుండా చూసుకోవాలి."

"ఆయ్," అన్నాడు ప్రసాద్.

ఇంటికొచ్చి పంజరంలో పుల్లలన్నీ కిందికి దించాడు. అడుగున సత్యదుర్గ పాత చీర మెత్తగా మడిచి పరిచాడు. పొద్దుటెండలో కాసేపు పెట్టడం, కొత్తిమీర కడిగి వేలాడదీయడం, వేలిమీద ఎక్కించుకుని రోజుకో అంగుళం పైకెత్తడం, అన్నీ తనే చేశాడు.

"బఠాణీ ఎగిరేదాకా నువ్వు వెళ్లకూడదు నాన్నా," అని సౌజన్య ఒట్టు వేయించుకుంది. నవ్వుతూనే వేశాడు.

రెండు నెలల సెలవు ఐదో నెలలో పడింది. ఆరు దాటితే వీసా పోతుంది. వీసా పోతే మేడ గోడల దగ్గరే ఆగిపోతుంది. శ్రావణంలో గృహప్రవేశమని వీరాయమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. రోజూ పంజరం ముందు నిలబడి, "నీ దుంపతెగ, ఎగరవే," అని పిట్టని బతిమాలేది.

కువైట్ నుంచి వచ్చినవాళ్లని ఆ ఊళ్లో అడిగేవి రెండే ప్రశ్నలు. ఎప్పుడొచ్చేరు? మళ్లీ ఎప్పుడెళ్తున్నారు? పన్నెండేళ్లుగా ప్రసాద్‌ని ఇంట్లోవాళ్లు అడిగేవీ అవే. అక్కడి నంబరు నుంచి ఫోనొస్తే ప్రసాద్ దాన్ని బోర్లించేసేవాడు.

"మాట్లాడరేవండీ?" అని ఒకసారి సత్యదుర్గ అడిగింది.

"పిట్ట బెదురుతుంది," అన్నాడు.

ఒక ఆదివారం బఠాణీ కుర్చీ మీంచి లేచి గోడగడియారం దాకా ఎగిరింది. సౌజన్య గంతులేసింది. వీరాయమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

"ఇంకేంరా, ఒట్టు తీరింది. టిక్కెట్టు తియ్యి."

ప్రసాద్ ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి గడియారం వైపు చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం ఇరవయ్యో తారీఖుకి టిక్కెట్టు తీశాడు.

మంగళవారం పొద్దున్న పిట్ట పుల్ల మీంచి ఎగరబోయి చీర మడత మీద పడింది. రెండు రెక్కల ఈకలూ కోసి ఉన్నాయి. సమానంగా. రక్తం చుక్క లేదు.

"నేను కాదు!" ఎవరూ అడగకముందే సౌజన్య ఏడ్చింది.

"మరి దానంతటదే కోసుకుందా? మీ నాన్న వెళ్లిపోతాడని ఇంత పని చేస్తావా?" వీరాయమ్మ చెయ్యెత్తింది.

"దాన్నేమీ అనకమ్మా," అంటూ ప్రసాద్ అడ్డం వచ్చాడు. పిట్టని రెండు చేతుల్లోకి తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ పూట సత్యదుర్గ వాషింగ్ మెషిన్ మూత తీసి, బట్టలు వెయ్యకుండా చాలాసేపు నిలబడింది.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. పిట్ట పంజరంలో ఉంది. ఫ్యాను తిరుగుతోంది. పనసపొట్టు కూర చల్లారిపోతోంది.

"నిజం ఒప్పుకునేదాకా దీనికి అన్నం పెట్టకు," అంది వీరాయమ్మ, మనవరాలిని చూపిస్తూ.

సత్యదుర్గ గరిటె కింద పెట్టింది.

"కోసింది నేనండీ అత్తయ్యగారూ."

సత్యదుర్గ అత్తగారి వైపే తిరిగి కూర్చుంది.

"ఈయన ఇంక వెళ్లరు. టిక్కెట్టు కాన్సిల్ చేయించేస్తాం. మేడ ఎక్కడిదక్కడ ఆగిపోతే ఆగిపోనివ్వండి. ఈయన్ని పంపడం నాకిష్టం లేక నేనే కోసేను. తిట్టేదేదో నన్ను తిట్టండి."

వీరాయమ్మ తిట్టింది. కోడలి పుట్టింటిని కూడా కలిపి తిట్టింది. సౌజన్య తల్లిని ఒక్కసారి చూసి, కంచం ఎత్తుకుని మామ్మ పక్కకి మారిపోయింది.

"నీతో ఇంకెప్పుడూ మాట్లాడను," అంది.

ప్రసాద్ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. తలెత్తలేదు.

"తినండి," అంటూ సత్యదుర్గ అతనికి కూర వడ్డించింది.

పొద్దున్న ఉతకబోతూ అతని చొక్కా జేబులోంచి తీసిన పచ్చ ఈక ముక్కలు ఆమె కొంగు ముడిలోనే ఉన్నాయి.