గద్దన్న మాస్కు తీసిందెవరు?

"రెండు ట్రేలు యాడ సరిపోతయిరా? ఇంకొకటి పట్టుకరా!" అని అరిచాడు రాకేష్.

దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమా హాలు ముందు అరవై మోటారు సైకిళ్ళు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి. 'ఉక్కుగద్ద' రెండో భాగం మొదటి ఆట అప్పుడే వదిలారు. పొద్దున కటౌటుకు పాలు పోసినవాళ్ళే ఇప్పుడు కోడిగుడ్లు పట్టుకుని ఎల్బీనగర్‌లో దర్శకుడు మధు ఇంటి మీదికి పోతున్నారు. మన జనానికి అభిమానం తలకెక్కడానికి మూడేళ్ళు పడుతుంది, దిగడానికి ఒక్క ఆట చాలు. అందరికంటే ముందు రాకేష్ ఉన్నాడు. అతను అభిమాన సంఘం అధ్యక్షుడు.

కోపానికి కారణం లేకపోలేదు. మొదటి భాగంలో హీరో పాత్ర గద్దన్న, తల నుంచి మెడదాకా నల్ల మాస్కు తొడుక్కుని మూసారాంబాగ్ వంతెన మీంచి దూకి, పదిమందిని మట్టి కరిపించాడు. రెండో భాగంలో ఆ మాస్కే లేదు. హీరో జుట్టు నున్నగా దువ్వుకుని, మొహానికి రంగేసుకుని ఫైట్లు చేశాడు. చేశాడనడం మర్యాద కోసం. కాలెత్తిన ప్రతిసారీ నడుం పట్టేసిన మనిషిలా కనిపించాడు.

ముందు బండికి అడ్డంగా ఒకామె వచ్చి నిలబడింది. స్కూటీ నడిపే ఆడవాళ్ళందరిలాగే మొహానికి స్కార్ఫు చుట్టుకుంది.

"అన్నా, జర ఆగుండ్రి. మధు సార్ తప్పేం లేదు."

"ఎవరక్కా నువ్వు? జరుగు."

"ఇంట్ల ఆయన భార్య, ఏడాది పాప ఉన్నరు. ఇంతమంది ఒక్కసారి మీద పడితే ఏమైతరు? పోవద్దన్నా."

రాకేష్ వెనక కూర్చున్న ప్రవీణ్ పళ్ళికిలించాడు. "సార్ అంటున్నదిరో! చెల్లెలివా? లేకపోతే పైసలిచ్చి పంపిండా?"

"ముందుగాల ఆ స్కార్ఫు తీసి మాట్లాడు" అన్నాడు రాకేష్.

ఆమె తీసింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ మొహాన్ని అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు.

"నా పేరు సౌజన్య. మలక్‌పేట మాది."

"సూడు సౌజన్యా, మొదటి భాగం నేను పద్నాలుగు సార్లు చూసిన. చెయ్యి మీద గద్దన్న పచ్చబొట్టు ఏయించుకున్న. గద్దన్న గురించి నీకేం తెల్సు? ఆడోళ్ళు పాటల కోసమొస్తరు, పాప్‌కార్న్ తిని పోతరు."

"వంతెన మీంచి దూకి ఏ కాలు మీద దిగుతడు?"

"కుడికాలు. గిది గూడ తెల్వదా?"

"ఎడమకాలు."

ప్రవీణ్ ఫోను తీసి ఆ సీను పెట్టాడు. మూడుసార్లు చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని ఎటో చూడసాగాడు. అరవై మంది ముందు తల కొట్టేసినట్టయింది రాకేష్‌కి. ఒళ్ళు మండింది.

"ఏంది, ఆ సినిమాకు పనిచేసినవా?"

"మొదటి దానికి చేసిన. రెండో దానికి పిలవలే."

"ఏం పని?"

"చెప్పొద్దని సంతకం పెట్టిచ్చుకున్నరు. చెప్తే రేపట్నుంచి నన్నెవ్వరూ పనికి పిలవరు. ఇంట్ల నేనొక్కదాన్నే సంపాదించేది." ఆమె గొంతు కాస్త తగ్గింది. "గా మాస్కు చెవుల ఎనక కోసుకపోతుండె అన్నా. కండ్లకాడ సందులు చిన్నగుండె, కింద ఏమున్నదో కనవడకపోతుండె. మధు సారే దగ్గరుండి మూడుసార్లు మార్పిచ్చిండు."

"మాస్కు కుట్టినవా? ఓహో, టైలరమ్మవా!"

గుంపు గొల్లున నవ్వింది. "పని పోయిందని ఏడుస్తున్నదిరా" అన్నారెవరో. ఆమె కోపంతో పెదవి కొరుక్కుంది.

"నవ్వుండ్రి. కానీ మాస్కు తీపిచ్చింది స్టూడియోవాళ్ళు. అన్ని కోట్లిచ్చి హీరోను పెట్టుకుంటే మొహం కనబడొద్దా అన్నరు. ఫైట్లన్నీ మొహం చూపిచ్చుకుంటనే చెయ్యాలన్నరు. మధు సార్ నెల రోజులు కొట్లాడిండు. ఎక్కువ మాట్లాడితే నిన్నే తీసేసి ఇంకొకన్ని పెడ్తమన్నరు."

"కథలు పడకు!"

అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకునేవాళ్ళకు అత్త ఎవరో చెప్పినా వినే ఓపిక ఉండదు. రాకేష్ బండిని ముందుకు తోశాడు. చక్రం ఆమె మోకాలికి తగిలింది. ఆమె కదల్లేదు.

"తప్పుకో. లేకుంటే మొదటి గుడ్డు నీకే."

"కొట్టుండ్రి. ఆయన ఇంటికి మాత్రం పోవద్దు."

ప్రవీణ్ నిజంగానే విసిరాడు. గుడ్డు ఆమె భుజానికి తగిలి పగిలింది. సొన చెయ్యి మీదుగా కారింది. కొందరు ఈలలు వేశారు. ఒకరిద్దరు తల దించుకున్నారు కానీ ఆపుదామని ఎవరూ అనలేదు.

"ఇగ విను" అన్నాడు రాకేష్, ఆమె మొహంలో మొహం పెట్టి. "మాస్కు పెట్టుకుని అన్ని ఫైట్లు చేసినోడు మాస్కు తీస్తే ఎట్ల చెయ్యలేకపోతడు? మా హీరో చేతగానోడా? మొదటి దాంట్ల గా మాస్కుల ఉన్నది ఆయన కాదా? అవే కాళ్ళు, అవే చేతులు. చెడగొట్టింది డైరెక్టరే. ఇయ్యాల వాని ఇంట్ల ఒక్క అద్దం మిగలదు."

అతను చెయ్యెత్తగానే అరవై బండ్లూ ఒక్కసారిగా రొద పెట్టాయి. సౌజన్య రెండు చేతులతో అతని బండి హ్యాండిల్ పట్టుకుంది. ఈ ఒక్క మాటతో తన బతుకుదెరువు పోతుందని ఆమెకు తెలుసు. అయినా అందరికీ వినపడేలా చెప్పింది.

"గా మాస్కుల ఉన్నది ఆయన కాదన్నా, నేను."