దూది నలుసు

“అక్కడే ఆగండి! పిల్లని ముట్టుకోకండి. ముందు స్నానం చేసి రండి.”

గుమ్మంలో చెప్పులు విడుస్తున్నవాడు అలాగే నిలబడిపోయాడు. నాన్నని చూసి పరిగెత్తబోయిన కూతుర్ని భార్య నడుం పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. ఏడేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని పిచ్చుక అన్నారు, ఆ పిలుపే ఖాయమైపోయింది.

అతను పరుపులు కుడతాడు. పొద్దస్తమానం దూదితోనే పని. ఎంత దులుపుకున్నా కనుబొమల్లోనో చెవి వెనకో ఓ నలుసు మిగిలిపోతుంది. చిన్నప్పుడు పిచ్చుక అవన్నీ ఏరి, “ఇవాళ తొమ్మిది దొరికాయి నాన్నా” అనేది. రెండేళ్ళ కిందట ఉబ్బసం మొదలయ్యాక ఆ ఆట మానిపించారు.

స్నానం చేసి వచ్చేసరికి ఏడున్నర. అప్పటికే పిల్ల గుండెల్లో పిల్లికూతలు. భుజాలు ఎగరేసి మరీ గాలి లాక్కుంటోంది.

“మీరిలా వచ్చారో లేదో...” అంటూ భార్య మందు గొట్టం పిల్ల నోటికి పెట్టింది. ఆ గొంతులో కోపం లేదు, ఉన్నదల్లా భయమే. కోపమైతే అతను ఓర్చుకునేవాడు.

“నా వల్లేనంటావా?”

“నేననలేదు.”

“నువ్వనక్కర్లేదులే.”

అతనికి మాత్రం తెలీదా? ఆదివారం కొట్టు మూత. ఆ రోజు పిల్ల చెంగుచెంగున గెంతుతుంది. సోమవారం సాయంత్రం అతను ఇంట్లో అడుగుపెట్టిన గంటలోపే మళ్ళీ ఆయాసం.

ఆ రాత్రి నుంచే తన పక్క ముందుగదిలోకి మార్చుకున్నాడు. పిల్లని ఎత్తుకోవడం మానేశాడు. తర్వాత జడ వేయడం, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళడం కూడా మానేశాడు.

“నా మీద కోపమా నాన్నా?” అంది పిచ్చుక ఒకరోజు, తలుపు అవతలి నుంచి.

“కాదమ్మా. నీకు పడదు.”

“ఏది? నువ్వా?”

అతను తలుపు నుంచి ఇంకో రెండడుగులు దూరం జరిగాడు.

తండ్రి ముద్దు కూడా తనే తీర్చాలన్నట్టు తల్లి పిల్లని ఇంకా దగ్గరికి తీసుకుంది. పని నుంచి వచ్చీ రాగానే, బట్టలైనా మార్చుకోకుండా ఎత్తుకునేది. పిచ్చుక తల్లి మెడలో మొహం దాచుకుని, ఆమె జుట్టు కప్పుకుని పడుకునేది.

ఆమె పనిచేసేది మందుల పరిశోధనశాలలో. అక్కడ చేరి మూడేళ్ళయింది. పిల్లకి జబ్బు వచ్చేనాటికే ఆమె ఉబ్బసం ఇంజెక్షన్ మీద పనిలో ఉండటం తమ అదృష్టమనుకున్నాడతను.

“మీ మందు ఏం చేస్తుంది?” అని ఒకసారి అడిగాడు.

“ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారనుకోండి. ఏ పాపం ఎరగని నలుసుని చూసి దొంగ, దొంగ అని అరుస్తారు. ఆ గోలకే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. ఈ ఇంజెక్షన్ వెళ్ళి వాళ్ళ నోళ్ళు కట్టేస్తుంది. అలాంటిదొకటి ఆస్పత్రుల్లో ఇప్పటికే ఇస్తున్నారు. మాది ఇంకా ఎక్కువ రోజులు పనిచెయ్యాలని చూస్తున్నాం.”

“ఎప్పుడొస్తుంది?”

“ఇంకా మనుషుల దాకా రాలేదండీ.”

అంతకు మించి చెప్పదు. అక్కడి సంగతులు బయటపెట్టనని చేరేటప్పుడే సంతకం చేసింది. తెల్లకోటు, గాజు గొట్టాలు. అతని ఊహ అక్కడితో ఆగిపోయేది.

చివరికి కొట్టు మూసేశాడు. మిగిలిన దూది ఎవరికో ఇచ్చేశాడు. గుండు చేయించుకున్నాడు. పాత బట్టలు పారేశాడు. ఇల్లు మూలమూలా కడిగాడు. అయినా అంతే. పగలంతా పిల్ల బాగుంటుంది, పొద్దుగూకేసరికి ఆయాసం. పైగా ఇదివరకటి కంటే ఎక్కువ.

“ముప్పై ఏళ్ళు పీల్చిన దూది. నా ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయినట్టుంది. ఊపిరి వదిలితే అదే బయటికొస్తోంది,” అన్నాడు. ఇంట్లో ఉన్నా మూతికి గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టాడు. భార్య వద్దనలేదు.

ఆ గురువారం సాయంత్రం, తల్లి ఒళ్ళో కబుర్లు చెబుతున్న పిల్ల మాట మధ్యలో ఆపేసింది. పెదాలు నీలంగా మారాయి. మందు గొట్టం పనిచెయ్యలేదు. నాలుగు నెలల తర్వాత అతను మొదటిసారి కూతుర్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ గుడ్డ ఉండగానే మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, వీధి చివర ఆస్పత్రి దాకా పరిగెత్తాడు.

పిల్ల దక్కింది.

“ఇంకొక్క పది నిమిషాలు ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు,” అంది డాక్టరమ్మ. “ఇక ఇంజెక్షన్ మొదలుపెడదాం. దానికి ముందు అసలు ఏది పడట్లేదో తేలాలి. ఇదివరకు నాలుగైదింటికే చూశాం. ఈసారి అన్నిటికీ రక్తపరీక్ష చేయిస్తాను.”

సోమవారం సాయంత్రం ఫలితాలొచ్చాయి. పని నుంచి సరాసరి వచ్చిన భార్య పిల్లని ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది. అతను గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“దూదే కదండీ?” అన్నాడు అక్కణ్ణుంచే.

“కాదు. దూది ఏమీ చెయ్యలేదు. ఆ గుడ్డ తీసెయ్యండి. మీ వల్ల పిల్లకి ఏ హానీ లేదు.”

గుడ్డ తీశాడు.

“మరి దేనివల్లమ్మా?”

“ఎలుకలు. వాటి ఒంటి పొట్టు గాల్లో ఉన్నా చాలు. ఇంత ఎక్కువ నేనెప్పుడూ చూడలేదు. మీ ఇంట్లో చాలా ఉండుండాలి.”

“ఎలుకలా? మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదండీ! కొట్టు మూసినప్పటి నుంచి నేలంతా తుడిచింది నేనే.” సాక్ష్యం కోసం భార్య వైపు తిరిగాడు. “నువ్వైనా చెప్పు. మనం ఎప్పుడైనా ఎలుకని చూశామా?”

ఆమె అప్పటికే పిల్లని ఒళ్ళోంచి దింపేసింది. వెనక్కి, వెనక్కి నడిచి గోడకి ఆనుకుంది.

“ల్యాబులో నా చేతి కింద నాలుగొందలున్నాయి.”