ఉత్తమ విదేశీ బృందం

పెనుకొండలో అంతర్జాతీయ సంగీత నృత్య స్నేహోత్సవం జరుగుతోంది. గుడిబండ నుంచి ఉరుము వాయిద్యాలతో వచ్చిన మద్దిలేటి బృందాన్ని నిర్వాహకుడు పవన్ కుమార్ గేటు దగ్గరే ఆపేశాడు.

"ఏమప్పా, ఇది ఇంటర్నేషనల్. లోకల్ వాళ్లకు ఈడ ఛాన్స్ ల్యా. ఫారిన్ వాళ్లు వచ్చేటప్పుడు రోడ్డు మీద వాయించండి, చాలు."

దేశాల మధ్య స్నేహం కోసం మద్దిలేటి మూడు గంటలు ఎండలో వాయించాడు.

సాయంత్రం ఆడాల్సిన పోలెండ్ బృందం బెంగళూరులోనే ఆగిపోయింది. ముందు వరుసలో ముఖ్య అతిథి ఆవలిస్తున్నాడు. పవన్ కుమార్ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, నువ్వే కాపాడల్ల. పది నిమిషాలు స్టేజీ ఎక్కన్నా!"

ఇరవై ఏళ్లుగా అడుగుతున్న స్టేజీ అది. మద్దిలేటి ప్రాణం పెట్టి వాయించాడు. జనం కుర్చీల్లోంచి లేచి ఈలలు వేశారు. అతని కళ్లు తడిశాయి.

ముఖ్య అతిథి చేతిలోని కాగితంలో మాత్రం ఇంకా పోలెండ్ అనే ఉంది. ఉత్తమ విదేశీ బృందం బహుమతి మద్దిలేటి చేతికిచ్చి, ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

పవన్ కుమార్ మద్దిలేటి చెవిలో గొణిగాడు. "మన దేశం నచ్చిందా అని అడుగుతాండాడు. నిజం చెప్పి పరువు తీయొద్దన్నా."

"శానా నచ్చింది సార్," అన్నాడు మద్దిలేటి.

ముఖ్య అతిథి మురిసిపోయాడు. "అప్పుడే తెలుగు కూడా నేర్చేసుకున్నారే! మా దేశానికి మళ్లీ తప్పకుండా రావాలి."

మద్దిలేటి చేతులు జోడించాడు.

"రానిస్తే వస్తాం సార్."