పుదీనా బుట్ట

పై అంతస్తు నుంచి వదిలిన బుట్ట బాల్కనీ ముందు నుంచి కిందికి దిగింది. తాడు ఆగింది. కాసేపటికి బుట్ట మళ్లీ పైకి పోయింది. అందులో ఒకే ఒక్క పుదీనా కట్ట.

"చూశావా? అఫ్కార్ ఇవాళా దిగలేదు," మంచం మీంచే అంది బహీగా.

కూతురు రీహామ్ దుప్పటి మడత పెడుతోంది. "ఆవిడ సంగతి సరే. నువ్వు దిగేదెప్పుడు?"

బహీగాకు కొత్త తుంటి కీలు వేసి మూడు వారాలైంది. వేలెడంత కోత. కండ కోయకుండా పక్కకు జరిపి పని కానిచ్చారు. మర్నాడే నాలుగడుగులు వేయించారు. రోజూ నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు పదిసార్లు చెప్పి మరీ ఇంటికి పంపాడు.

పరామర్శకు సగం అలెగ్జాండ్రియా వచ్చింది. ఆడవాళ్లు బియ్యం కూరిన పావురాలు తెచ్చారు. కోత చూపించమన్నారు. చూసి, "ఇంతేనా?" అన్నారు. బహీగాకు తల కొట్టేసినట్లయింది. ఆ అవమానం చాలక నడక కూడానా అని మంచం దిగడం మానేసింది. పొద్దున పదింటికి కళ్లు తెరిచేది. తెరిచాక దిళ్లకు ఆనుకునేది.

కానీ ఆ బుట్ట ఆమెను కుదురుగా పడుకోనివ్వలేదు.

పై అంతస్తులో ఉండే అఫ్కార్ ఆమెకు నలభై ఏళ్ల స్నేహితురాలు. భర్త రిఫాత్ పోయి ఆరు నెలలు. భర్త పోయినామె ఇంటిపట్టున ఉండాల్సిన నాలుగు నెలల పది రోజులూ ఎప్పుడో దాటాయి. అయినా అఫ్కార్ గడప దాటదు. ఏం కావాలన్నా తాడుకు బుట్ట కట్టి, కింద గాబిర్ కొట్టుకు వదులుతుంది.

"పుదీనా నీళ్లు తాగి మనిషి ఎన్నాళ్లు బతుకుతుందే? ఇలా వదిలేస్తే అదీ రిఫాత్ వెనకాలే పోతుంది," అంది బహీగా.

"నేను చెబితే వింటుందా? నువ్వే పైకెళ్లి లాక్కురా," అంది రీహామ్.

పద్దెనిమిది మెట్లు. ఒక చేయి కమ్మీ మీద, ఒక చేయి కర్ర మీద. మెట్టుకోసారి డాక్టరును తిట్టుకుంటూ ఎక్కింది బహీగా.

"నాకో తోడు కావాలే," గుమ్మంలో రొప్పుతూ అంది. "ఒంటరిగా నడవొద్దన్నాడు డాక్టరు."

డాక్టరు అలాంటిదేమీ అనలేదు.

అఫ్కార్ నల్ల ముసుగు సర్దుకుంది. "నావల్ల కాదే. వీధి మొహం చూడబుద్ధి కావట్లేదు."

"నీ కోసం కాదు తల్లీ, నా కాలి కోసం."

అఫ్కార్ ఆమె కాలికేసి చూసింది. "సరే. కానీ రోజూ నువ్వే పైకొచ్చి పిలవాలి. లేకపోతే కదలను."

మహారాణి, అనుకుంది బహీగా.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి అరుపు. "ఆ కాలు కాదు! దిగేటప్పుడు కోసిన కాలు ముందు!"

"నీకెవరు చెప్పారే?"

"నీ కాలి సంగతి ఈ వీధిలో పిల్లులక్కూడా తెలుసు."

మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్లారు. వారం తిరిగేసరికి ట్రామ్ ఆగే చోటుదాకా. ఆ తర్వాత సముద్రపు గట్టు. గట్టు మీది బెంచీల్లో అఫ్కార్‌కు ఏదీ నచ్చేది కాదు. ఒకదాని మీద ఎండ. ఒకదాని మీద కొత్త జంట. ఇంకోదాని పక్కన చేపల కంపు.

"ఆ అవతలి బెంచీ బాగుందే."

"అది కైరోలో ఉందే!"

"రాలేకపోతే చెప్పు, ఇంటికి పోదాం. నాకేం, తలుపేసుకుని కూర్చుంటా."

బహీగా పళ్లు బిగించి నడిచేది. ఆరు నెలలు గదిలో మగ్గిన మనిషి ఇంకాస్త దూరం పోదామంటోంది. ఆ మాత్రం నొప్పి ఓర్చుకోలేదా?

ఒకరోజు గట్టు మలుపులో అఫ్కార్ ఆగిపోయింది.

"రిఫాత్ గాలం వేసేది ఇక్కడే," అంది.

బహీగా ఆమె చేయి కాస్త గట్టిగా పట్టుకుంది. ఇద్దరిలో ఎవరు ఎవరికి ఆనుకుని నిలబడ్డారో కాసేపు తెలియలేదు.

రెండు నెలలు గడిచాయి. డాక్టరు బహీగాను గదిలో అటూ ఇటూ నడిపించి చూశాడు. "ఈ కర్ర ఇంకా ఎందుకమ్మా? పారేయండి," అన్నాడు.

బహీగా లెక్క వేసుకుంది. కర్ర పోతే తోడు అక్కర్లేదు. తోడు అక్కర్లేకపోతే అఫ్కార్ మళ్లీ తలుపేసుకుంటుంది. ఆ బుట్ట ఇప్పటికీ రోజూ దిగుతూనే ఉందాయె.

బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. మర్నాడు ఎన్నడూ లేనిది ఏడున్నరకే లేచింది. కర్ర మంచం పక్కనే వదిలేసి, చకచకా గాబిర్ కొట్టుకు నడిచింది.

"గాబిర్, ఇవాళ్టి నుంచి పైనించి వచ్చే బుట్టలో ఏమీ వేయకు. పుదీనా ఆకు కూడా వేయకు. కావాలంటే ఆవిడనే దిగి రమ్మను."

గాబిర్ ఆమె కాళ్లకేసి చూశాడు. తర్వాత ఖాళీ చేతులకేసి చూశాడు. అతని మొహం విప్పారింది.

"అల్‌హమ్దులిల్లాహ్, మీరు కర్ర వదిలేదాకా నోరు విప్పనని ఆవిడకు వేసిన ఒట్టు తీరిపోయింది హజ్జా," అన్నాడు, "ఆవిడ రోజూ పొద్దున ఆరింటికే దిగొచ్చి సరుకులన్నీ పట్టుకెళ్తారు, ఆ పుదీనా బుట్ట నాటకమంతా మిమ్మల్ని మంచం దింపడానికే!"