దించిన అద్దాలు

“కాలిపోయిన ఫ్యూజులు చాలా చూశా గానీ సార్, మాయమైపోయే ఫ్యూజుని ఇక్కడే చూస్తున్నా,” అన్నాడు మెకానిక్ ఇష్తియాక్, కారు డాష్‌బోర్డు కింద నుంచి తల బయటికి తీసి.

జయపాల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈ ఆటోనగర్ షెడ్డుకి రావడం నెలలో ఇది మూడోసారి. బాగుచేయించిన వారానికల్లా పవర్ విండోలు మొరాయిస్తాయి. దించిన అద్దాలు మరి పైకి లేవవు.

“మాయమవడానికి అదేమన్నా దయ్యమా? ఎవడో తీస్తున్నాడు!”

“ఎవడో కాదండీ, నేనే.” భార్య జెస్సికా హ్యాండ్‌బ్యాగు తెరిచి మూడు ఫ్యూజులూ అతని చేతిలో పెట్టింది.

“నువ్వా! ఎందుకూ?”

“అద్దాలు మూసుంటే ఇంటి దగ్గర మొదలెట్టి, చల్లపల్లిలో మా పుట్టిల్లొచ్చేదాకా నామీద అరుస్తూనే ఉంటారు. తెరిచుంటే పక్క బండ్లవాళ్ళు వింటారని ఎంత నెమ్మదిగా మాట్లాడతారో!”

“నేనెప్పుడరిచానే?” అని జయపాల్ అరిచిన అరుపుకి షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయాయి. ఇష్తియాక్ నవ్వు దాచుకోవడానికి మళ్ళీ డాష్‌బోర్డు కిందికి దూరాడు.

ఫ్యూజు బిగించాక అద్దాలు చక్కగా లేచాయి. బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడింది. జయపాల్ భార్య వంక ఓసారి చూసి, ఏసీ కట్టేసి, తనే నాలుగు అద్దాలూ దించాడు. పక్కన ఆగిన ఆటోలోవాళ్ళు ఇటే చూస్తున్నారు.

“నిజంగా అంత అరుస్తానా?” మెల్లగా అడిగాడు.

జెస్సికా అతని చేతి మీద చెయ్యి వేసింది.

“ఇప్పుడు అరవరు కాబట్టి ఓ మాట చెప్తానండీ. వెనక బంపరుకి సొట్ట పెట్టింది పక్కింటాయన కాదు, నేనే.”